మూగజీవాల అంగడిలో మొదటి కొలువు

శ్రీరామనవమి కల్యాణం ముగిసి, దేవాలయ భోజనశాలలో పానకం, వడపప్పు పంచుతున్న వేళ మా బల్ల దగ్గర ఒక చర్చ మొదలైంది. ఆదివారపు తెలుగు తరగతికి వచ్చే పదిహేనేళ్ల అమ్మాయి ఒకతె, వచ్చే వేసవిలో తమ ఇంటికి దగ్గరలో ఉన్న పెట్ స్టోర్‌లో పనికి చేరాలనుకుంటున్నానని చెప్పింది. మాలో ఒకరిద్దరు అభినందించారు. తల్లి మౌనంగా ఉన్నది. తండ్రి ఫోన్ వైపు చూస్తూ, ఆ వేసవిలో ఎస్ఏటీ శిక్షణ ఉన్నదని గుర్తు చేశాడు. వేసవి గడపడానికి గుడివాడ దగ్గరి పల్లెనుండి వచ్చిన అమ్మమ్మగారు మాత్రం విస్తరి పక్కకు జరిపి, "ప్రాణమున్నదాన్ని అమ్మగా వచ్చిన కూడు మనకు వద్దమ్మా" అన్నారు.

పిల్ల నొచ్చుకున్నది. "నేను అమ్మడం లేదు అమ్మమ్మా, చూసుకుంటాను" అన్నది. "అంగడిలో చూసుకునేదంతా అమ్మడానికేగా తల్లీ" అని ఆవిడ సమాధానం. ఆ మాట మమ్మల్ని ఇంటిదాకా వెంటాడింది. ఈ వ్యాసం దాని ఫలితం.

ఆ సాయంత్రం వినవచ్చిన అభ్యంతరాలు మూడు. చదువు చెడుతుందన్నది మొదటిది. బోనులు కడిగే పని మన పిల్లకేమిటన్నది రెండవది; దానిని ఎవరూ పైకి ఇంత స్పష్టంగా అనలేదు గాని, అందరికీ వినబడింది. మూడవది అమ్మమ్మగారిది. వీటిలో అసలైన ధర్మసందేహం మూడవదేనని మా అభిప్రాయం. అయితే మొదటి రెండింటినీ దాటనిదే దాని దగ్గరకు వెళ్లలేము.

చదువు విషయం త్వరగా తేలిపోతుంది. ఈ దేశంలో 1938 నాటి కార్మిక ప్రమాణాల చట్టం పిల్లల పనికి హద్దులు గీసింది. పొలం పనులు కాని సాధారణ ఉద్యోగాలకు కనీస వయస్సు 14 ఏళ్లు. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు బడి ఉన్న రోజున 3 గంటలకు, బడి నడిచే వారంలో 18 గంటలకు మించి పనిచేయకూడదు. ఉదయం 7కు ముందు, సాయంత్రం 7 తరువాత పని ఉండకూడదు. జూన్ 1 నుండి లేబర్ డే వరకు మాత్రం రాత్రి 9 దాకా అనుమతి. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల్లో పని అనుమతి పత్రం కూడా కావాలి. దుకాణంలో అరలు సర్దడం, డబ్బు లెక్క చూడడం ఈ వయస్సువారికి చట్టం ఒప్పుకున్న పనులే. వేసవిలో వారానికి పది పన్నెండు గంటల పని ఒక పిల్ల చదువును పాడుచేస్తుందని మేము నమ్మలేము. అంతకు రెట్టింపు సమయాన్ని ఫోన్ తినివేస్తున్నది. దానికి ఎవరూ శిక్షణా తరగతులను అడ్డు చెప్పడం లేదు.

రెండవ అభ్యంతరం దగ్గర కొంచెం నిలబడాలి. అది మన గురించి మనకే నచ్చని ఒక సంగతి చెబుతుంది.

చేపల తొట్లు కడగాలి. కుందేళ్ల కింద పరిచిన గడ్డి మార్చాలి. గినీపిగ్‌ల బోనులో తడిసిన రంపపు పొట్టును పారతో ఎత్తి సంచిలో పోయాలి. వాసన చేతులను వదలదు. ఇటువంటి పనిని మన సమాజం తరతరాలుగా కొన్ని కులాల మీదకు నెట్టి, ఆ పని చేసినందుకే వారిని దూరం పెట్టింది. సముద్రాలు దాటి వచ్చాక ఆ అలవాటు పోయిందనుకుంటాము. "మా అమ్మాయి గ్రంథాలయంలో పనిచేస్తున్నది" అని చెప్పేటప్పుడు, "మా అమ్మాయి బోనులు కడుగుతున్నది" అని చెప్పేటప్పుడు మన గొంతులో వచ్చే తేడాను వింటే, అది ఎంతవరకు పోయిందో తెలుస్తుంది.

మరొకటి. ఈ దేశానికి విద్యార్థులుగా వచ్చిన మనలో చాలామంది విశ్వవిద్యాలయ భోజనశాలల్లో పళ్లేలు కడిగినవారమే. విద్యార్థి వీసా మీద చదువు సాగే రోజుల్లో ప్రాంగణంలో వారానికి 20 గంటల పనికి అనుమతి. ఆ ఇరవై గంటల డబ్బుతో అద్దె కట్టి, బియ్యం కొనుక్కొని, ఇంటికి ఫోన్ చేసి "బాగున్నాను" అని చెప్పినవారమే. ఆ రోజులను స్నేహితులు కలిసినప్పుడు నవ్వుతూ తలచుకుంటాము. పిల్లలకు మాత్రం చెప్పము. వారికి మన కథ పట్టాతోనూ పెద్ద ఉద్యోగంతోనూ మొదలవుతుంది. ఆ భోజనశాలలో ఆవిరి ఊపిరాడనివ్వని గదిలో నిలబడి నేర్చుకున్నదేమిటో వారికి తెలియదు. ఆ మాట అడిగినప్పుడు, ఫోన్ చూస్తున్న తండ్రి తల ఎత్తాడు. ఒహాయోలో తాను రెండేళ్లు గిన్నెలు తోమిన సంగతి కూతురి ఎదుట ఆనాడే మొదటిసారి చెప్పాడు. ఆ పిల్ల ముఖంలో జాలి లేదు. ఆశ్చర్యమూ, కొంత కోపమూ కనిపించాయి. ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదన్నది ఆ కోపం.

అదే బల్ల చివర ఆమె తరగతివాడే మరొక కుర్రవాడు కూర్చున్నాడు. ఈ చర్చలో అతడు మాట్లాడలేదు. అతని కుటుంబం హెచ్-1బి వీసా మీద ఉన్నది, పిల్లలది హెచ్-4. ఆ వీసా మీద ఉన్న పిల్లలకు ఉద్యోగానుమతి లేదు. 2015లో వచ్చిన నియమం కొందరు జీవిత భాగస్వాములకు అవకాశమిచ్చింది గాని, పిల్లలకు ఇవ్వలేదు. ఇరవై ఒకటవ ఏట ఆ ఆశ్రితస్థితి కూడా పోతుంది. కాబట్టి తోటి పిల్లలు మొదటి జీతం గురించి చెప్పుకునేటప్పుడు అతడు జంతు సంరక్షణాలయంలో వేతనం లేని సేవ చేస్తూ ఉంటాడు. కుక్కలను నడిపిస్తాడు, బోనులు కడుగుతాడు. అంటే పని ఒకటే. ఒకరికి డబ్బు ముడుతుంది, ఒకరికి ముట్టదు. అతని చేతుల వాసనను మనం సేవ అని మెచ్చుకున్నాము. ఆమె చేతులకు అంటబోయే వాసన గురించి మొగం చిట్లించాము. ఇందులో న్యాయమేమిటో మాకు ఇంతవరకు తోచలేదు.

ఇక అమ్మమ్మగారి మాట.

ఆవిడ మాట ఏదో పాతకాలపు చాదస్తమని తోసివేయడానికి వీలులేదు. దాని వెనుక చాలా పెద్ద సంప్రదాయం ఉన్నది. మన అమరావతి, నాగార్జునకొండలు ఒకప్పుడు ఎవరి ధర్మాన్ని విన్నాయో ఆ బుద్ధుడు, గృహస్థులు చేయకూడని వ్యాపారాలు ఐదు అని చెప్పినట్లు పాలి గ్రంథాలు చెబుతున్నాయి: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తుపదార్థాలు, విషం. ప్రాణుల వ్యాపారం రెండవది. మాంసం వేరుగా ఉన్నది కాబట్టి, ఇక్కడ ప్రాణులంటే బతికి ఉన్నవే. చంపడం ఒక్కటే దోషం కాదు. బతికి ఉన్నదానికి వెల కట్టడంలోనే ఏదో తప్పున్నదని ఆ జాబితా తలచింది.

మహాభారతంలో ఇంకా దగ్గరి కథ ఉన్నది. శాంతిపర్వంలో జాజలి అనే తాపసి కథ వస్తుంది. అతడు స్తంభంలా కదలక మెదలక తపస్సు చేస్తుంటే, ఒక పక్షుల జంట అతని జడలలో గూడు కట్టుకున్నది. గుడ్లు పెట్టినా అతడు కదలలేదు. పిల్లలయ్యాయి, రెక్కలొచ్చాయి, ఎగిరిపోయాయి. అవి ఇక తిరిగి రావని తేలేవరకు అతడు అలాగే నిలిచాడు. ఆపైన, తనంత ధర్మాత్ముడు లేడని గర్వపడ్డాడు. కాశీలో తులాధారుడనే వర్తకునికి నీవు సాటిరావని ఆకాశం నుండి ఒక మాట వినబడింది. జాజలి వెళ్లి చూస్తే, అతడు అంగడిలో కూర్చొని సరుకులు తూచి అమ్ముకుంటున్నాడు.

పక్షులను తలమీద మోసినవానికి పాఠం చెప్పడానికి కవి ఒక దుకాణదారుని ఎంచుకోవడం మాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. తులాధారుడు చెప్పినది ఇంచుమించు ఇది: నా తక్కెడ అందరికీ సమానంగా తూగుతుంది; ఇతరుల వద్ద కొన్నదానిని మోసం లేకుండా అమ్ముతాను; సుగంధద్రవ్యాలు, రసాలు అమ్ముతాను గాని మద్యం అమ్మను. ఇంతవరకు వింటే అంగడి కొలువుకు ఇంతకన్న పెద్ద ప్రశంస లేదనిపిస్తుంది. కాని అతడు అక్కడ ఆగలేదు. ఎద్దుల ముక్కులు కుట్టి, బరువులు మోయించి, కట్టివేసి బాధించేవారిని గట్టిగా నిందించాడు. పంచేంద్రియాలున్న ప్రతి ప్రాణిలోనూ దేవతలు నివసిస్తారనీ, అటువంటి ప్రాణులను అమ్మి బతికేవారికి మేలు కలగదనీ అన్నాడు. నూనె, నెయ్యి, తేనె, మందులు అమ్మితే దోషమేమిటని అడిగాడు. కొలువు కోసం తులాధారుని సిఫారసు అడగబోతే, అతడు అమ్మమ్మగారి పక్షాన నిలబడ్డాడు.

అరణ్యపర్వంలో మరొక దుకాణదారుడు ఉన్నాడు. మిథిలానగరంలో మాంసం అమ్మే ధర్మవ్యాధుడు. కొంగను చూపుతో కాల్చివేసిన కౌశికునికి అతడు ధర్మం బోధించాడు. మన ఇళ్లలో ఎవరైనా ఇష్టంలేని ఉద్యోగం చేస్తున్నప్పుడు పెద్దలు ఈ కథ చెప్పి ఓదారుస్తారు. ఏ పని అయినా శ్రద్ధతో చేస్తే చాలునన్నది దాని సారమని చెబుతారు. కథను నెమ్మదిగా చదివితే అంత సులభం కాదు. తన వృత్తి ఘోరమైనదని ధర్మవ్యాధుడే ఒప్పుకుంటాడు. తాను చంపననీ, ఇతరులు చంపినదానిని అమ్ముతాననీ, తాను మాత్రం మాంసం తిననని చెబుతాడు. పూర్వకర్మ వలన, కులవృత్తి వలన అది తనకు వచ్చిందంటాడు. నాగలి కింద కూడా లెక్కలేనన్ని జీవులు చస్తాయనీ, హింస అంటని బతుకు ఎవరికీ లేదనీ అంటాడు. ఈ చివరి మాట మనందరికీ వర్తిస్తుంది. కాని అంతకు ముందుది వర్తించదు. పదిహేనేళ్ల అమెరికా పిల్లకు ఇది కులవృత్తి కాదు. ఆమె ఎంచుకుంటున్నది. ఐస్‌క్రీం దుకాణమో, ఈతకొలనో, ట్యూషనో ఎంచుకోగలదు. ఎంచుకోగలిగినవారు ధర్మవ్యాధుని చాటున దాగకూడదు.

ఇలా ఇద్దరు దుకాణదారులూ అమ్మమ్మగారికే బలమిచ్చారు. మేము ఇంతవరకు ఆలోచించి, ఆ పిల్లకు వద్దని చెప్పవలసి వస్తుందేమో అనుకున్నాము. మరుసటి ఆదివారం ఆవిడతోనే ఈ కథలు మాట్లాడుకుంటుండగా, ఆవిడ ఇంకొక సంగతి చెప్పారు.

వాళ్ల ఇంట ఎప్పుడూ రెండు మూడు పాడిగేదెలు ఉండేవి. పాలు అమ్మిన డబ్బుతోనే పిల్లల చదువులు సాగాయి. ఈ పిల్ల తల్లి చదువు కూడా అందులోదే. పెయ్య పుడితే ఇంట పండుగ. దున్నదూడ పుడితే మాత్రం కొన్నాళ్లు ఉంచి, పశువుల సంతకు తోలేవారు, లేదా ఇంటికి వచ్చిన దళారికి ఇచ్చేవారు. "అవి ఎక్కడికి పోయేవో నేనెన్నడూ అడగలేదు" అన్నారావిడ. "తెలియక కాదు. అడిగితే తెలుస్తుందని." కాసేపటికి మళ్లీ అన్నారు: "నేను దాన్ని వద్దనలేదు. దానికి తెలియాలన్నాను."

తిలాపాపం తలా పిడికెడు అన్న సామెతను మనం సాధారణంగా తప్పించుకోవడానికి వాడుకుంటాము. ఆవిడ తన పిడికెడు తాను తీసుకున్నారు. ఆ తరువాత మా ఆలోచన దారి మారింది. ఈ కొలువు పవిత్రమా కాదా అన్న ప్రశ్నను వదలి, అక్కడ నిజంగా ఏమి జరుగుతుందో, అందులో ఒక పిల్ల చేతిలో ఉండేది ఎంతో చూడాలనిపించింది.

పెట్ స్టోర్ అనగానే అద్దాల వెనుక కుక్కపిల్లలు గుర్తుకు వస్తాయి. ఆ దృశ్యం ఇప్పుడు చాలాచోట్ల లేదు. లాభం కోసం ఆడకుక్కలను ఇరుకు బోనుల్లో పెట్టి ఈత వెంట ఈత వేయించే పెంపకశాలల మీద వచ్చిన నిరసన చట్టాలను మార్చింది. కాలిఫోర్నియాలో 2019 జనవరి 1 నుండి దుకాణాలు కుక్కలను, పిల్లులను, కుందేళ్లను పెంపకందారుల వద్ద కొని అమ్మడానికి వీలులేదు. న్యూయార్క్ రాష్ట్రంలో అటువంటి నిషేధం 2024 డిసెంబరు 15న అమలులోకి వచ్చింది. పెట్‌స్మార్ట్, పెట్‌కో వంటి పెద్ద సంస్థలు కుక్కలను, పిల్లులను అమ్మవు. సంరక్షణాలయాలతో కలిసి దత్తత ఇప్పిస్తాయి. వెల కట్టి అమ్మడం, ఇల్లు వెదికిపెట్టడం ఒకటి కావని చట్టసభలే ఒప్పుకున్నాయన్నమాట. తులాధారుడు వింటే సంతోషించేవాడే.

కాని ఆ సంతోషం అద్దాల గది దగ్గర మొదలై చేపల వరుస దగ్గర ఆగిపోతుంది. 1966లో పుట్టిన ఫెడరల్ జంతు సంక్షేమ చట్టం ఉష్ణరక్త జంతువుల కోసం. చేపలు, పాములు, కీటకాలు దాని పరిధిలోకి రావు. మన జాలికి కూడా ఇంచుమించు ఇదే సరిహద్దు. కళ్లలోకి చూసే కుక్కపిల్ల మనకు ప్రాణి. సంచిలో తిరిగే చేప అలంకారం. గుడ్ల అట్టముక్క మీద పాకే కీచురాళ్లు సరుకు.

ఆ కీచురాళ్ల దగ్గరే మా అమ్మాయి సందేహం కూడా ఆగింది. బేర్డెడ్ డ్రాగన్ అనే తొండజాతి జంతువును పెంచేవారు వాటిని డజన్ల లెక్కన కొంటారు. కొండచిలువను పెంచేవారు గడ్డకట్టించిన ఎలుకపిల్లలను కొంటారు. పాముకు మరొక ఆహారం లేదు. పిల్లి కూడా మాంసం లేనిదే ఆరోగ్యంగా బతకలేదు. మనలాగా పెరుగన్నం పెట్టి పెంచుదామంటే కుదరదు. "ఉల్లి, వెల్లుల్లి తినని ఇంట్లో పుట్టి ఎలుకపిల్లల పొట్లం కట్టనా?" అని ఆ పిల్ల అడిగింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటాము గాని, పిల్లికి అది చెలగాటం కాదు, అన్నం.

ఈ ప్రశ్నను శిబి చక్రవర్తి కథ మన చిన్ననాడే అడిగింది. పావురాన్ని కాపాడినందుకు శిబిని పొగుడుతూ డేగ మాటను మరచిపోతాము. ఆ డేగ దుర్మార్గంగా మాట్లాడలేదు. నా ఆహారాన్ని నీవు లాక్కుంటే నేను చస్తాను, నన్ను నమ్ముకున్నవారు చస్తారు. ఒకరిని కాపాడి ఇంకొకరిని చంపడం ఏమి ధర్మమని అడిగింది. శిబి ఆ వాదాన్ని కాదనలేదు. కాదనలేకనే తన తొడ కోసి తక్కెడలో పెట్టాడు. పదిహేనేళ్ల పిల్లను ఎవరూ తొడ కోయమనరు. కాని పాము ఆకలి కూడా ఆకలే అని అంగీకరించడం, ఎలుకపిల్ల పొట్లం చేతిలోకి తీసుకున్నప్పుడు అది ఒకప్పుడు ఏమిటో మరువకపోవడం, ఈ రెండూ ఒకే మనస్సులో ఉంచుకోవడం ఆమె వయస్సుకు తక్కువ శిక్షణ కాదు. ఈ పని ఆమెకు సహించకపోతే అదీ గౌరవించవలసినదే. ఆ వరుసలో తాను నిలబడలేనని ముందుగా చెప్పుకోవచ్చు. మా దృష్టిలో అది సున్నితత్వమే గాని బలహీనత కాదు.

మేము ఎక్కువ భయపడేది ఆ పొట్లం గురించి కాదు, చేపల వరుస గురించి. అక్కడ ఎవరూ ఏమీ చంపరు.

బెట్టా చేప సంగతే చూడండి. అది నీటి పైకి వచ్చి గాలిని కూడా పీల్చగలదు. అందుకే అరచేతిలో పట్టే గిన్నెలో పెట్టి అమ్మినా కొన్నాళ్లు చావదు. చావలేదు కాబట్టి సుఖంగా ఉన్నదని కొనేవారు అనుకొని, అదే కొలత గిన్నెలో ఇంటి కిటికీ దగ్గర పెడతారు. అది వెచ్చని దేశపు చేప; దానికి వెచ్చని నీరు, ఈదడానికి చోటు కావాలి. గోల్డ్‌ఫిష్‌ను సరిగా చూసుకుంటే పదేళ్లకు పైగా బతుకుతుంది. కొత్త తొట్టిలో వేసి వదిలేస్తే దాని మలమూత్రాల అమ్మోనియాయే దాన్ని చంపుతుంది. సిరియన్ హ్యామ్‌స్టర్ ఒంటరి జంతువు. తోడుంటుందని ఇద్దరు పిల్లలకు రెండు కొని ఒకే బోనులో పెడితే అవి కొట్టుకుంటాయి. ఈ సంగతులు కొనేవారికి తెలియవు. వారు చెడ్డవారు కారు. పుట్టినరోజు పిల్లవాని చెయ్యి పట్టుకొని వచ్చినవారు.

చేపను వలతో పట్టి, సంచిలో నీరు పోసి, రబ్బరు బ్యాండు వేసేముందు ఒక నిమిషం ఉంటుంది. "మీ తొట్టి ఎంత పెద్దది?" అని అడగడానికి ఆ నిమిషం చాలు. అడిగితే ఆ చేప బతుకు మారవచ్చు, బేరం పోనూవచ్చు. అడగకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. ఫిర్యాదు చేయడానికి చేపకు నోరు లేదు. తులాధారుని తక్కెడ ఈనాడు ఉన్నచోటు ఆ నిమిషమేనని మేము అనుకుంటున్నాము. తూకంలో మోసం చేయకపోవడం సులభం. ఇప్పుడు యంత్రమే తూస్తుంది. కొనేవాడు అడగని నిజాన్ని, తన దుకాణానికి నష్టమైనా, చెప్పడం ఆ తక్కెడను సమంగా పట్టడమే.

ఇది చిన్న విషయమని అనిపిస్తే ఒక పాత నియమం గుర్తుచేస్తాము. చిన్న తాబేళ్లను పిల్లలు నోట పెట్టుకోవడం, పట్టుకున్న చేతులతో తినడం వలన సాల్మొనెల్లా అంటురోగం ప్రబలిందని, పైచిప్ప 4 అంగుళాలకన్న చిన్నదైన తాబేళ్ల అమ్మకాన్ని ఆహార ఔషధ సంస్థ 1975లో నిషేధించింది. ఇప్పటికీ ఆ నియమం ఉన్నది. చెప్పవలసినది చెప్పకుండా అమ్మిన ప్రాణి, కొన్న ఇంటికి కూడా హాని చేయవచ్చునన్న సంగతి ఈ దేశపు చట్టానికి యాభై ఏళ్లుగా తెలుసు.

"అమ్మాయి చెప్పకపోతే ఏమవుతుంది? పక్కవాడు అమ్ముతాడు" అని మాలో ఒకరు అన్నారు. నిజమే, చేప ఎలాగూ అమ్ముడవుతుంది. ఆ వాదానికి చేప వైపు నుండి జవాబు లేదు. మనిషి వైపు నుండి ఒక జవాబు ఉన్నది. అదే దుకాణంలో ఆమె పక్కన నిలబడేవారిలో ఇంటి అద్దె ఆ జీతంతోనే కట్టేవారు ఉంటారు. ఫెడరల్ కనీస వేతనం 2009 నుండి గంటకు 7.25 డాలర్లుగానే ఉన్నది. కాలిఫోర్నియాలో 2025లో అది 16.50. ఎంతైనా, ఆ డబ్బుతో కుటుంబం నడిపే మనిషిని మేనేజరుతో వాదించమని మనం కోరలేము. మన పిల్ల సంగతి వేరు. ఆమె జీతం ఆమె కొనుక్కునే బూట్లకు, గిటారుకు. నచ్చకపోతే మానివేసి ఇంటికి వచ్చి అన్నం తినగలదు. ఆ స్వేచ్ఛను ఆమె సంపాదించలేదు, తల్లిదండ్రులు ఇచ్చారు. ఒహాయోలో తోమిన గిన్నెలలో అది కూడా ఉన్నది. నోరు విప్పగలిగిన స్వేచ్ఛ ఉన్నవారు నోరు విప్పకపోతే, ఆ భారం విప్పలేనివారి మీద పడుతుంది.

అందుచేత తల్లిదండ్రులకు మా మనవి వేరుగా ఉన్నది. పనికి పంపాలా వద్దా అని పిల్లల వెనుక చర్చించడం మాని, మొదటి వారం నుండే ఒక మాట ఇవ్వండి: అబద్ధం చెప్పమన్న రోజున మానివేసి రావచ్చు, ఇంట్లో ఎవరూ "ఇంత చిన్నదానికా" అనరు. కొలువు మానడం అపజయమని మనం పిల్లలకు ఎంతగా నూరిపోశామంటే, తప్పు చేయమన్నా మానలేని స్థితికి కొందరిని తెచ్చాము. ఈ మాట రాస్తున్నప్పుడు మాకు మా సొంత కార్యాలయాలు, మేము మౌనంగా కూర్చున్న సమావేశాలు గుర్తుకు వచ్చాయి. మొదటి జీతం నుండే నేర్చుకొని ఉంటే బాగుండేది.

ఆ అమ్మాయి దరఖాస్తు పెట్టింది. పని వేళలు అడిగినచోట ఆదివారం ఉదయాన్ని ఖాళీగా వదిలింది. అది తెలుగు తరగతి కోసమో, అమ్మమ్మ కోసమో చెప్పలేదు. ఇంటర్వ్యూకు తండ్రి కారులో తీసుకువెళ్లి బయట కూర్చున్నాడు. చివర, నీవు అడగవలసినది ఏమైనా ఉన్నదా అంటే, ఆమె అడిగిందట: "ఇంట్లో సరైన తొట్టి లేదని తెలిస్తే, చేప ఇవ్వనని నేను చెప్పవచ్చా?" మేనేజరు కొంచెంసేపు ఆలోచించి, ఇవ్వనని చెప్పకు, నన్ను పిలువు, నేను చెబుతాను అన్నాడట.

ఇది మంచి జవాబా కాదా అని ఇంట్లో రెండు రోజులు వాదన నడిచింది. బాధ్యత తప్పించుకున్నాడని తండ్రి, పిల్ల మీద భారం పడనివ్వలేదని తల్లి. అమ్మమ్మగారు మాత్రం, "పిలిస్తే వస్తాడో లేదో చూడు, వారం తరువాత నాకు చెప్పు" అన్నారు. జూన్ రెండవ వారంలో పని మొదలు.